డేంజర్ వేరు, కాషన్ వేరు

సంపాదకుడికి,

అయ్యా,

మీ పత్రికలో వచ్చే ఇంగ్లిష్ పాఠాల శీర్షికలో ఇటీవల ‘బివేర్, బీ కేర్‌ఫుల్, లుక్ అవుట్, వాచ్ అవుట్, కాషన్, వార్నింగ్, డేంజర్’ అన్నిటినీ ఒక వరుసలో పెట్టి, ఎదురుగా ‘జాగ్రత్త’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. పరీక్షలకు చదివేవాళ్లకు అది చాలునేమో. కానీ రేపు బోర్డులు రాసేవాళ్లూ, మందులకూ యంత్రాలకూ లేబుళ్లు తయారుచేసేవాళ్లూ ఇలాంటి పాఠాలు చదువుకునే వస్తారు. వాళ్ల చేతిలో ఈ మాటలు తారుమారైతే దెబ్బ తగిలేది ఆ బోర్డును నమ్మినవాడికి. యంత్రాల వాడుక పుస్తకాలను తెలుగులోకి తేవడం నా వృత్తి కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

భద్రతకు సంబంధించిన రాతల్లో ఈ మాటలకు హోదాలున్నాయి. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ‘ఆన్సీ’ హెచ్చరిక గుర్తుల కోసం పెట్టిన జడ్535 ప్రమాణాల ప్రకారం, తప్పించుకోకపోతే చావో తీవ్ర గాయమో ఖాయమనుకున్న చోటే ‘డేంజర్’ అనాలి. ఖాయం కాదు గానీ అంతపనీ జరగొచ్చు అనుకుంటే ‘వార్నింగ్’. చిన్నదో, ఓ మోస్తరుదో గాయం కావొచ్చంటే ‘కాషన్’. మనిషికి ఏమీ కాదు, వస్తువు పాడవుతుందంటే ‘నోటీస్’. వీటి రంగులు వరుసగా ఎరుపు, నారింజ, పసుపు, నీలం.

కాగితాలు కత్తిరించే యంత్రాన్ని తీసుకోండి. అది నడుస్తుండగా బ్లేడు కింద చెయ్యి పెట్టొద్దని చెప్పేది డేంజర్. కరెంటు తీసేయకుండా మూత విప్పొద్దనేది వార్నింగ్. షాక్ కొట్టొచ్చు, కొట్టకపోవచ్చు. మూత అంచు గరుకుగా ఉంటుంది, వేలు గీసుకుపోతుందనేది కాషన్. థిన్నర్‌తో తుడిస్తే రంగు ఊడిపోతుందనేది నోటీస్. ఈ నాలుగింటి మీదా ‘జాగ్రత్త’ అని అచ్చేసిన పుస్తకాలు నా బల్ల మీదకు వస్తూనే ఉంటాయి. మనకు మాటలు లేక కాదు: ప్రమాదం, హెచ్చరిక, జాగ్రత్త, గమనిక. నాలుగు మెట్లకు నాలుగు మాటలు చేతిలోనే ఉన్నాయి, వాడుకునే ఓపికే లేదు.

‘ఎందుకైనా మంచిది, అన్నిటికీ పెద్ద మాటే పెట్టేద్దాం’ అనేవాళ్లున్నారు. రేపు కేసు పడితే తప్పించుకోవచ్చని కంపెనీల లెక్క. ఇది నాన్నా పులి కథే. రంగు ఊడిపోవడానికీ డేంజర్, చెయ్యి తెగిపోవడానికీ డేంజర్ అంటే చదివేవాడు రెంటినీ ఒకే కంట చూసి పేజీ తిప్పేస్తాడు. రసాయనాల లేబుళ్ల కోసం ఐక్యరాజ్యసమితి 2003లో తెచ్చిన జీహెచ్‌ఎస్ విధానం ఈ సంగతి గ్రహించింది. అందులో సంకేత పదాలు రెండే, డేంజర్, వార్నింగ్. లేబుల్‌కు డేంజర్ వర్తిస్తే ఇక దాని మీద వార్నింగ్ కనిపించకూడదు.

ఇక నోటితో అనే మాటల సంగతి. లుక్ అవుట్, వాచ్ అవుట్ అనేవి అప్పటికప్పుడు అరిచే అరుపులు. పైనుంచి ఏదో పడుతోంది, తప్పుకో అని. ఒక పద్ధతిగా వేసే బోర్డు మీద అవి అతకవు. మెట్టు చూసుకోమనడానికి బ్రిటన్‌లో ‘మైండ్ ద స్టెప్’ అంటారు, అమెరికాలో ‘వాచ్ యువర్ స్టెప్’. లండన్ భూగర్భ రైళ్లలో 1968 నుంచి వినిపిస్తున్న ‘మైండ్ ద గ్యాప్’ (రైలుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు చూసుకోండి) ఈ కోవలోదే. ‘బివేర్’ కొంచెం మొండిఘటం. ఆజ్ఞగానో, ‘మస్ట్’, ‘షుడ్’, ‘టు’ లాంటివాటి వెనకో తప్ప రాదు. ‘నిన్న నేను బివేర్డ్’ అంటే ఇంగ్లిష్‌వాడు నవ్వుతాడు. కుక్కకూ జేబుదొంగకూ అది బాగా నప్పుతుంది. తడి నేలకు కాషన్ చాలు.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు ‘టేక్ కేర్’ దగ్గర చూస్తుంటాను. వీడ్కోలు చెప్పేటప్పుడు సరే. దాని వెనక ‘ఆఫ్’ చేరిందంటే కథ మారిపోతుంది. తీగ ఉంది జాగ్రత్త అని చెప్పబోయి ‘టేక్ కేర్ ఆఫ్ ద వైర్’ అని రాస్తే, ఆ తీగ బాగోగులు చూసుకోమని అప్పగించినట్టు! ‘అటెన్షన్’ అన్నది చెవినో కంటినో ఇటు తిప్పుకుంటుంది, అంతే; ముప్పు ఉందని చెప్పదు. ఫ్రెంచ్‌లో అదే స్పెల్లింగున్న మాటను సూటిగా ‘జాగ్రత్త’ అనే అర్థంలో వాడతారు. ఫ్రెంచ్ నుంచి హడావిడిగా ఇంగ్లిష్‌లోకి వచ్చిన పుస్తకాల్లో హై వోల్టేజి పక్కన అటెన్షన్ అని ఉంటే నేను మొదట అనుమానించేది దీన్నే.

ఎంత సరైన మాట ఎంచుకున్నా, అదొక్కటే రాసి ఊరుకుంటే లాభం లేదు. ముప్పు ఏమిటి, పట్టించుకోకపోతే ఏమవుతుంది, తప్పించుకునేదెలా అన్నవి దాని కిందే ఉండాలి. ఉత్త ‘డేంజర్’ బోర్డు చూసినవాడు కరెంటు అనుకోవాలా, గొయ్యి అనుకోవాలా?

తర్వాతి పాఠంలోనైనా ఈ మాటలను అర్థాల పట్టికలా కాకుండా సందర్భాల వారీగా విడదీసి, ఒక్కోదానికి ఒక బోర్డో లేబులో నమూనాగా ఇవ్వమని శీర్షిక నిర్వాహకులకు చెప్పగలరు. నమూనాలు కావాలంటే నా దగ్గరున్నవి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక అనువాదకుడు