నాన్నగారికి, నిబ్బరం గురించి

పూజ్యులైన నాన్నగారికి మీ అమ్మాయి నమస్కరించి వ్రాయునది.

మొన్న ఫోనులో మీరన్న మాట నన్ను వదలడం లేదు. తుంటి ఎముకకు ఆపరేషను జరిగి ఆరు వారాలైనా నాలుగడుగులు వేయడానికి వాకర్ కావలసి వస్తోందనీ, సత్తువ పోయిన మనిషి ఎందుకూ కొరగాడనీ అన్నారు. అప్పటికి ఏదో సర్దిచెప్పాను గాని, ఇన్నేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నదాన్ని కనుక నిదానంగా జవాబివ్వాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మంచం పట్టిన మనిషికి కండ కరగడం రోజుల్లోనే మొదలవుతుంది, కరిగినంత త్వరగా మళ్లీ పట్టదు. అది శరీర ధర్మమే తప్ప మీ లోపం కాదు. ఒకప్పుడు బస్తాను ఒక్క ఊపున భుజానికెత్తుకున్నవారు కనుక, ఇప్పుడు కుర్చీలోంచి లేవడానికి చేతుల ఊతం అవసరం కావడం మీకు చిన్నతనంగా తోస్తోంది.

ఇక్కడ నా దగ్గరికి మోకాలి ఆపరేషను చేయించుకున్న యువకుడొకడు వచ్చేవాడు. రోజూ బరువులెత్తి పెంచిన ఒళ్లు. టేపుతో కొలిచి, ఒక తొడ రెండోదానికన్నా సన్నబడిందని చెప్పిన రోజున ముఖం తిప్పుకొని వెళ్లి, వారం దాకా మళ్లీ కనిపించలేదు. అదే గదిలో, పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన ఎనభై ఏళ్ల ఆవిడ ఒక డబ్బాలోని బట్టల క్లిప్పులను రెండో డబ్బాలోకి మార్చడం అభ్యాసం చేసేది. మొదటి క్లిప్పు ఆమె వేళ్ల మధ్య నుంచి పదమూడుసార్లు జారింది. జారిన ప్రతిసారీ పైకే లెక్కపెట్టి, చివరికి అది డబ్బాలో పడ్డాక నా వంక చూసి, "రేపటికి పన్నెండు" అంది. ఆ యువకుణ్ణి పిరికివాడని నేననను. అతని ధైర్యమంతా కండలోనే ఉండేది, కండతో పాటే అదీ జారిపోయింది, అంతే.

1916లో అంటార్కిటిక్ సముద్రంలోని ఎలిఫెంట్ దీవిలో చిక్కుకున్న 22 మంది నావికుల సంగతి కూడా మీకు చెప్పాలి. నాయకుడు షాకల్టన్ సాయం కోసం చిన్న పడవలో వెళ్లాక, వాళ్లు రెండు పడవలను బోర్లించి వాటి కిందే నాలుగు నెలలకు పైగా గడిపారు. వాళ్లకు పెద్దగా ఉన్న ఫ్రాంక్ వైల్డ్, దొర ఈవేళే రావచ్చు, పక్కలు చుట్టిపెట్టుకోండి అని రోజూ పొద్దున్నే చెప్పేవాడట. చలికి, అర్ధాకలికి ఒంటి బలం రోజురోజుకూ తగ్గుతున్నా పక్క చుట్టడం మాత్రం మానలేదు. ఆగస్టు 30న ఓడ వచ్చేసరికి 22 మందీ ప్రాణాలతో ఉన్నారు. నిబ్బరమంటే నాకు గుర్తొచ్చేది ఆ చుట్టిపెట్టిన పక్కలే.

అయితే మనసుంటే ఏదైనా సాధ్యమని ఊదరగొట్టేవారంటే నాకు పడదు. సంకల్పంతో ఎముక అతకదు. నొప్పితో నిద్రలేని రాత్రులు గడిస్తే మనసూ అలసిపోతుంది, దానికీ విశ్రాంతి కావాలి. ఈ దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుగారితో చెప్పండి, దాచుకోకండి. చెప్పుకోవడం బలహీనత అని మీరనుకుంటారని నాకు తెలుసు. నేను మాత్రం ఒప్పుకోను.

ఇంకొక్క మాట. వ్యాయామం మొదలుపెట్టిన తొలి వారాల్లో, కండ పెరగకముందే బలం పెరుగుతుంది, ఎందుకంటే ఉన్న కండరపు పోగులనే మరిన్నింటిని పనిలోకి దింపడం నరాలు నేర్చుకుంటాయి. కనుక కాళ్లు ఇంకా సన్నగానే ఉన్నాయని చూసుకొని, చేసిందంతా వృథా అనుకోకండి. వాకర్ ఎదురుగా పెట్టుకొని, పక్కన అమ్మ ఉండగా, అక్కడి ఫిజియోథెరపిస్టు చెప్పినన్నిసార్లు కుర్చీలోంచి లేచి కూర్చోండి. లేచిన ప్రతిసారీ క్యాలెండరు మీద ఒక గీత పెట్టండి.

ఆదివారం ఫోను చేసి గీతల లెక్క అడుగుతాను. లేవబోయి మళ్లీ కూర్చుండిపోయినవి కూడా కలిపి చెప్పండి.

ఇట్లు,
మీ అమ్మాయి