అమ్మమ్మతో ఈ చలికాలం

అందరికీ నమస్తే. శనివారం నుంచి అందరం అమ్మమ్మ దగ్గరే కదా, కొన్ని విషయాలు ముందే చెప్తున్నా.

పొద్దున్నే దుప్పటి కప్పుకుని ఎండ కోసం గుమ్మంలో కూర్చుంటుంది. పిల్లలూ, ఆ అరగంట ఫోన్లు లోపల పెట్టి పక్కన కూర్చోండి, పాత కబుర్లన్నీ అప్పుడే బయటికొస్తాయి, మధ్యాహ్నం ఎంత అడిగినా రావు. పోయినసారి అమ్మమ్మ మా అమ్మ చిన్నప్పటి సంగతులు చెప్తుంటే నేనొక్కదాన్నే విన్నా, మీరంతా ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

పిన్నీ, చలికి పెద్దవాళ్లకి దాహం సరిగ్గా తెలియదు, మధ్యమధ్యలో గోరువెచ్చని నీళ్లు ఇవ్వడం నీ పని. చలికి బీపీ పెరుగుతుంది, పొద్దుటి మాత్ర అత్తయ్య చూసుకోవాలి.

మామయ్యా, రాత్రి మూసిన గదిలో బొగ్గుల కుంపటి వద్దే వద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పేరుకుంటే వాసన కూడా రాదు, ప్రాణాలకే ప్రమాదం.

ఇంకో స్వెట్టర్ కొనకండి. పలుచని బట్టలు రెండు మూడు ఒకదానిమీద ఒకటి వేస్తేనే వెచ్చగా ఉంటుంది. సాక్సులు తెండి చాలు, జారనివి.

ఎవరు ఎప్పుడొస్తున్నారో రేపు రాత్రిలోగా ఇక్కడ పెట్టండి. బుజ్జిగాడి తల కొలత కూడా! అమ్మమ్మ టోపీ అల్లడం మొదలుపెట్టేసింది, రోజూ అడుగుతోంది.