మా తమ్ముడి చెంప ఎముక విరిగిన రాత్రి అత్యవసర విభాగంలో ఉన్నవారికి కృతజ్ఞతలు

మెట్ల మీద జారి పడి, ఇనుప కడ్డీకి చెంప కొట్టుకున్న మా తమ్ముణ్ణి ఆసుపత్రికి తెచ్చేటప్పటికి మాకు కనిపించింది వాపు ఒక్కటే. ఐసు పెడితే రెండు రోజుల్లో తగ్గిపోతుందనుకున్న మాకు, ఆ వాపు మాటున ఏముందో చూపించిన డ్యూటీ డాక్టరు గారికి మొదటి నమస్కారం.

స్పృహ తప్పిందా, వాంతి అయిందా, మెడ నొప్పి ఉందా అని అడిగిన వెంటనే ఆయన కంటి పరీక్షకు పూనుకున్నారు. వాపు పెరిగి రెప్పలు మూసుకుపోతే చూడడం కష్టమంటూ, వేళ్లు లెక్కపెట్టించి, కనుపాపపై వెలుగు వేసి, కన్ను అన్ని వైపులా తిరుగుతోందో లేదో పరిశీలించారు. తరువాత తల వెనుక నిలబడి, పైనుంచి రెండు చెంపలనూ పోల్చి చూశారు. ఎదురుగా సమానంగా కనిపించిన చెంప అక్కడి నుంచి చూస్తే అణిగిపోయి ఉంది. పై పెదవి, చిగురు మొద్దుబారాయని మావాడు ఆయన అడిగేదాకా చెప్పనేలేదు. వాపు వల్లనే అనుకున్నాడట. కంటి కింది ఎముక గుండా వచ్చే నరం దెబ్బతింటే అలా అవుతుందని, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం కూడా ఎముక లోపలికి నొక్కుకుపోయిందనడానికి గుర్తేనని ఆయన వివరించారు. సీటీ స్కాన్‌లో అదే తేలింది.

ఆ రాత్రి మాటిమాటికీ నిద్ర లేపి చూపు పరీక్షించిన నర్సు గారి మీద నేను విసుక్కున్నాను. అందుకు క్షమాపణ కోరుతున్నాను. కంటి వెనుక రక్తం చేరి ఒత్తిడి పెరిగితే కొద్ది గంటల్లోనే చూపు పోయే ప్రమాదం ఉందని, కన్ను ముందుకు ఉబికినా, నొప్పి ఎక్కువైనా, చూపు మసకబారినా క్షణం ఆగకుండా పిలవాలని ఆవిడ చెప్పాక గానీ ఆ శ్రమ విలువ నాకు తెలియలేదు. ముక్కు చీదబోతున్న తమ్ముణ్ణి ఆపిందీ ఆవిడే; విరిగిన చోటు నుంచి గాలి చర్మం కిందికి చేరుతుందట.

వాపు తగ్గేదాకా ఎందుకు ఆగాలో ఓపికగా చెప్పి, ఎనిమిదో రోజున ఎముకను పైకి లేపి చిన్న టైటానియం ప్లేట్లతో బిగించిన సర్జన్ గారికి మా కుటుంబమంతా రుణపడి ఉంటుంది. స్పర్శ తిరిగి రావడానికి నెలలు పట్టవచ్చని ఆయన ముందే చెప్పారు. నిన్న ఉదయం ముఖం కడుక్కుంటున్నప్పుడు పై పెదవికి నీళ్ల చల్లదనం తెలిసిందని తమ్ముడు అన్నాడు. ఆ మాట మీ అందరికీ చెప్పాలనిపించింది.