పీహెచ్‌డీ ఎక్కడ చేశారని కాదు, ఎవరు పరీక్షించారని అడగండి

గౌరవనీయులైన కేంద్ర విద్యాశాఖ మంత్రి గారికి,

ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో పీహెచ్‌డీ ఇవ్వకూడదని విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ 2022 నిబంధనల్లో ఉంది. విదేశీ యూనివర్సిటీలతో కలిసి ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ చదువుల) కంపెనీలు ఇచ్చే పీహెచ్‌డీ ప్రకటనలను నమ్మవద్దని యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ అదే ఏడాది హెచ్చరించాయి కూడా. డబ్బు కట్టించుకుని డాక్టరేట్ చేతిలో పెట్టేవాళ్లను ఆపాల్సిందే. నా పేచీ వేరే. క్యాంపస్ పీహెచ్‌డీ అనగానే ప్రమాణాలు ఉన్నట్టేనని మనం ధీమాగా ఉంటున్నాం.

2025 జనవరిలో రాజస్థాన్‌లోని మూడు యూనివర్సిటీలు ఐదేళ్లపాటు పీహెచ్‌డీ అడ్మిషన్లు తీసుకోకూడదని యూజీసీ నిషేధం పెట్టింది. పీహెచ్‌డీ నిబంధనలు పాటించలేదన్నదే అభియోగం. అవేమీ ఆన్‌లైన్ దుకాణాలు కావు.

పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ సంగతి చూడండి. ఉద్యోగం ఒక ఊళ్లో, గైడ్ ఇంకో ఊళ్లో. చాప్టర్లు మెయిల్లో వెళ్తాయి, దిద్దుబాట్లు ఫోన్లో వస్తాయి. పేరుకే రెగ్యులర్! స్కాలర్ సెమిస్టర్‌కోసారి సలహా కమిటీ ముందు తన పని వివరించాలని రూలుంది. నేను చూసిన ఒక ఫైల్లో మూడేళ్ల ప్రగతి నివేదికలకూ ఒకే సిరా, ఒకే వాలు సంతకాలు. ఒక్క మధ్యాహ్నంలో కానిచ్చేసినట్టు తెలిసిపోతూనే ఉంది. అదే ఆన్‌లైన్ డాక్యుమెంట్ అయితే గైడ్ ఏ తేదీన ఏ పేరా కొట్టేశారో చెరగకుండా ఉండేది.

ల్యాబ్ కావాల్సిన కెమిస్ట్రీ, బయాలజీ ఇంట్లో కూర్చుని చేసేవి కావు, ఒప్పుకుంటాను. సెమినార్లో పక్క స్కాలర్ వేసే చిలిపి ప్రశ్న కూడా స్క్రీన్ మీద అంత తేలిగ్గా రాదు. కానీ గణితానికి, ఆర్థికశాస్త్రానికి ఆ అడ్డు ఎంత? బ్రిటన్‌లో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ దూరవిద్య కోసమే పుట్టింది. పీహెచ్‌డీ కూడా ఇస్తుంది, బయటి ఎగ్జామినర్, వైవా (మౌఖిక పరీక్ష) మాత్రం అక్కడా తప్పవు.

మన నిబంధనల్లోనూ గైడ్ కాక కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్లు థీసిస్ చదవాలి. చదివి ఏం రాశారో మాత్రం బయటివాళ్లకు కనపడదు. థీసిస్‌లు ఇప్పటికే శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెడుతున్నారు కదా, వాటి పక్కనే ఎగ్జామినర్ల నివేదికలు, సలహా కమిటీ నివేదికలు, వైవా వీడియో కూడా పెట్టించండి. ముందు క్యాంపస్ పీహెచ్‌డీలతోనే మొదలుపెట్టండి. ఆన్‌లైన్‌కు తలుపు తీయాలా వద్దా అన్నది అవి చూశాక తేలుద్దాం.

ఇట్లు,
థీసిస్‌లు దిద్దిన ఒక రిటైర్డ్ అధ్యాపకుడు