మిర్రర్ ఉంది కదా అని ధీమా వద్దు

సంపాదకుడు గారికి,

ఈమధ్య మీ కంప్యూటర్ శీర్షికలో, రెండు హార్డ్‌డిస్కులు పెట్టి రెయిడ్-1 మిర్రర్ (ఒకదాని మీద రాసిందే రెండోదాని మీదా పడే ఏర్పాటు) చేసుకుంటే డేటాకి ఇక ఢోకా లేదని రాశారు. ఒక డిస్కు పాడైతే నిజంగానే ఢోకా లేదు. కానీ మనమే తప్పు చేస్తే ఆ తప్పు కూడా రెండు డిస్కుల మీదా ఒకేసారి పడుతుందండీ, ఆ ముక్క రాయలేదు.

మా బావమరిదికి తెనాలిలో ఫొటో స్టూడియో ఉంది. లైనక్స్ సిస్టం, 2 టీబీ డిస్కులు రెండు, మిర్రర్ చేసి ఉన్నాయి, సగానికి పైగా పెళ్లి ఫొటోలే. అందులోంచి 500 జీబీ విడిగా తీద్దామని తెలిసిన కుర్రాణ్ని పిలిచాడు. అతను మిర్రర్‌ని నడిపే ఎండీఆడమ్ కమాండుతో నేరుగా మిర్రర్ సైజు తగ్గించేశాడు. లోపల ఏ ఫైలు ఎక్కడుందో లెక్క పెట్టుకునే ఫైల్ సిస్టంకి ఆ సంగతి తెలియదు కదా, మళ్లీ మౌంట్ చేయబోతే, అంటే వాడకానికి తెరవబోతే, ఎర్రర్. అప్పుడైనా మిర్రర్‌ని పాత సైజుకి పెంచేసి ఉంటే ఫొటోలు చాలావరకు దక్కేవి, సైజు తగ్గించినంత మాత్రాన డిస్కు మీద రాసింది చెరిగిపోదు. మా బావమరిది టెన్షన్‌లో రిపేరు కమాండు నడిపాడు. డిస్కు సైజు సరిపోవట్లేదు, ఆపేయనా అని అది పాపం అడిగింది కూడా, వద్దని కొట్టాడు. అంతే.

గోనెసంచిలో ప్లాస్టిక్ సంచి పెట్టి, అందులో బియ్యం పోసినట్టు ఉంటుంది ఇది. బయట పార్టిషన్ (డిస్కులో విడగొట్టిన భాగం), దాని లోపల మిర్రర్, ఇంకా లోపల ఫైల్ సిస్టం. పెద్దది చేయాలంటే బయటి నుంచి లోపలికి వెళ్లాలి, చిన్నది చేయాలంటే లోపలి నుంచి బయటికి రావాలి. ఫైల్ సిస్టం ఈఎక్స్‌టీ4 రకం అయితే అన్‌మౌంట్ చేసి, చెక్ చేసి, ముందు దాన్ని అనుకున్నదానికన్నా ఇంకాస్త చిన్నగా కుదించి, తర్వాత మిర్రర్‌ని తగ్గించి, చివర్లో ఫైల్ సిస్టంని మిర్రర్ నిండా మళ్లీ పెంచుకోవాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ రకం అయితే కుదించాలన్న ఆశే పెట్టుకోవద్దు, అది పెరగడానికే తప్ప తగ్గడానికి పనికిరాదు.

లెక్కల్లో ఇంకో తిరకాసు ఉంది. ఎండీఆడమ్‌కి ఉత్త అంకె ఇస్తే కిలోబైట్లు అనుకుంటుంది, ఈఎక్స్‌టీ4 సైజు మార్చే రీసైజ్2ఎఫ్‌ఎస్ కమాండుకి అదే అంకె ఇస్తే బ్లాకులు అనుకుంటుంది, ఒక్కో బ్లాకు మామూలుగా 4 కిలోబైట్లు. ఇక పార్టిషన్లు మార్చేటప్పుడు ఒక డిస్కుని మిర్రర్‌లోంచి తీసి, దాన్ని కొత్త సైజుకి చేసి, తిరిగి చేర్చి, సింక్ (డేటా దాని మీదికి మళ్లీ కాపీ అవడం) మొత్తం పూర్తయ్యాకే రెండోదాని జోలికి పోవాలి. 1.5 టీబీ సింక్ అవడానికి మామూలు డిస్కుల్లో మూడు గంటలు ఈజీగా పడుతుంది, ఆ మూడు గంటలూ మీ దగ్గరున్నది ఒక్కటే కాపీ. కాబట్టి మూడో డిస్కు మీద బ్యాకప్ లేకుండా ఈ పనికి దిగొద్దని ఈసారి మీ శీర్షికలో ఒక్క వాక్యం వేయండి.

మా వాడు ఇప్పుడు పెళ్లివాళ్లకి ఎప్పుడో ఇచ్చేసిన పెన్‌డ్రైవ్‌లు ఒక్కరోజుకి ఇవ్వమని అడిగి తెచ్చుకుంటున్నాడు. ముగ్గురిచ్చారు. ఆల్బమ్ ఇంకా ఇవ్వాల్సిన వాళ్లకి మాత్రం ఫోన్ చేయడానికి ధైర్యం చాలట్లేదు.

- ఒక పాఠకుడు, గుంటూరు