మంథలి నుంచి లుక్లా ఫ్లైట్ గురించి

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్‌కి వస్తున్న అందరికీ నమస్తే. మన నడక మొదలయ్యే ఊరు లుక్లాకి ఫ్లైట్ ఎంతసేపని విడివిడిగా అడుగుతున్నారు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

సీజన్‌లో ఖాట్మండు ఎయిర్‌పోర్ట్ రద్దీగా ఉంటుంది కాబట్టి మన ఫ్లైట్ రామేఛాప్ జిల్లా మంథలి నుంచి. (మన మంథని కాదండోయ్!) అక్కణ్నుంచి లుక్లాకి గాల్లో సుమారు 75 కిలోమీటర్లు, 15-20 నిమిషాలు. బెల్టు పెట్టుకుని సర్దుకునేలోపే దిగిపోతాం. అసలు తిప్పలు ఖాట్మండు–మంథలి రోడ్డుతోనే. దాదాపు 130 కిలోమీటర్లకి నాలుగైదు గంటలు, అన్నీ కొండ మలుపులే. రాత్రి 1 గంటకల్లా బండెక్కాలి. వాంతులయ్యేవాళ్లు మాత్ర వేసుకోండి.

మంథలి ఎత్తు 500 మీటర్ల లోపే, లుక్లా 2,800 పైన. లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లు, అదీ ఏటవాలుగా ఉంటుంది. దిగేటప్పుడు ఎగువకి, లేచేటప్పుడు దిగువకి. ఆ వాలే విమానాన్ని ఆపడానికి సాయపడుతుంది, కాబట్టి టెన్షన్ పడొద్దు. ఎదురుగా కొండ ఉంది కనుక దిగబోయి మళ్లీ పైకి లేవడం కుదరదు. అందుకే కాస్త మబ్బు పట్టినా ఫ్లైట్ ఆపేస్తారు. మధ్యాహ్నానికి గాలి, మేఘాలు ముంచుకొస్తాయి, ఉన్నవన్నీ పొద్దున ఫ్లైట్లే.

లగేజీ చేతిసంచితో కలిపి 15 కిలోలు, ఇంట్లోనే తూచుకోండి. లుక్లా ఫ్లైట్లు ఆగిపోవచ్చు కాబట్టి, ఖాట్మండు నుంచి తిరుగు టికెట్ ఇంకా తీయనివాళ్లు కనీసం రెండు రోజులు గ్యాప్ ఉంచి తీయండి.