సెకండ్ హ్యాండ్ ట్రాక్టరు కొన్న రైతు మీ లెక్కలో ఉన్నాడా మంత్రి గారూ?

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి, రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇద్దరికీ కలిపి ఒకే లేఖ రాయడానికి కారణం ఉంది. పాత ట్రాక్టరు గోడు వ్యవసాయ శాఖకు చెబితే ఆర్సీ మా పని కాదంటారు. రవాణా శాఖకు చెబితే ఫైనాన్స్ వాళ్లను అడగమంటారు. సోమవారం అర్జీలు ఇచ్చి ఇచ్చి, "మీ అర్జీ పరిష్కరించబడింది" అనే మెసేజీలు మాత్రం ఫోన్ల నిండా పోగేసుకున్నాం. ఏం పరిష్కరించారో కూడా అందులోనే రాసి ఉంటే ఇంకా సంతోషించేవాళ్లం.

కొత్త బండ్ల మీద మీకున్న మక్కువను ఎవరూ కాదనరు. రైతు రథం అయినా, యంత్ర సేవ అయినా, ప్రభుత్వం మారి సబ్సిడీ పథకం పేరు మారిందే తప్ప బండి మాత్రం ఎప్పుడూ షోరూం బండే. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పన్నుతో కలిపి 7 లక్షలున్న బండి సుమారు 6 లక్షల 56 వేలకు రావాలి. మంచిదే. ట్రాక్టరు టైర్లు, చాలా విడిభాగాల మీద కూడా 18 నుంచి 5కు తగ్గించారు. పాత బండి వాడికి దక్కిన మేలు ఏదైనా ఉందంటే ఆ ఒక్కటే.

ఐదెకరాల రైతుకు, రెండు పంటలకూ దుక్కి, రోటావేటరు, దమ్ము, తోలకం అన్నీ కలిపినా ట్రాక్టరు పని ఏడాదికి వంద గంటలు దాటడం కష్టం. కొత్త బండి గిట్టాలంటే ఏడాదికి ఎనిమిది వందలు, వెయ్యి గంటలైనా తిరగాలి. మిగతా గంటలు కిరాయికి తిప్పుదామంటే ఊళ్లో అప్పటికే పది బండ్లు కిరాయి కోసం చూస్తుంటాయి. అందుకే అతను పాత బండి వైపు చూస్తాడు. తెలివితక్కువై కాదు, లెక్క తెలిసే.

ఆ లెక్కను తలకిందులు చేసేది అప్పు. ఉదాహరణకు కొత్త బండికి 6 లక్షలు, 12 శాతం వడ్డీకి, ఐదేళ్లకు తీసుకుంటే ఆరు నెలల వాయిదా దాదాపు 81,500. పాత బండికి 3 లక్షలు ఇవ్వడానికి బ్యాంకు మొహం చాటేస్తే ప్రైవేటు ఫైనాన్సులో 18 శాతానికి, మూడేళ్లకు తీసుకోవాలి. అప్పుడు వాయిదా దాదాపు 66,900. అప్పు సగమే, వాయిదా మాత్రం ఐదింట నాలుగు వంతులు! సబ్సిడీ కొత్త బండికి, అధిక వడ్డీ పాత బండికి. చిన్న రైతును ఆదుకోవడం అంటే ఇదేనేమో, మాకే అర్థం కాలేదు.

సరే, ఆ వడ్డీకే కొంటాడు అనుకుందాం. బండి బాగోగులు ఎవరు చెప్పాలి? ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో చూపే గంటల మీటరును నమ్మితే మునిగినట్టే, కేబుల్ పీకితే అది ఆగిపోతుంది. క్లచ్ పెడల్ రబ్బరు అరుగుదల, రోటావేటరు లాంటి పనిముట్లను తిప్పే పీటీవో షాఫ్టు పళ్లు, వెనక ట్రక్కు తగిలించే డ్రాబారు పిన్ను రంధ్రం సాగిన తీరు అబద్ధం చెప్పవు. గేరు ఆయిలు పాలలా తెల్లగా ఉంటే దమ్ములో హౌసింగులోకి నీళ్లు దిగాయని అర్థం. డెల్టా బండ్లలో ఈ జబ్బు ఎక్కువ, దాంతోపాటే ముందు చక్రాల హబ్బు బేరింగులు కూడా పోతాయి. రోటావేటరు ఎత్తి ఇంజను ఆపి పది నిమిషాలు చూడాలి, దానంతటదే దిగుతుంటే లిఫ్టులో సీళ్లో, వాల్వో పోయినట్టు. వేడెక్కిన ఇంజనుకు ఆయిలు మూత తీస్తే పొగ గుప్పుమంటే రింగులు, లైనర్లు అరిగాయి, ఇంజను బోరు పని తప్పదు. సైలెన్సరులో నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోంది. వెనక రెండు టైర్లు మార్చడానికే నలభై వేలు దాటుతుంది. కొత్త మోడళ్లను పరీక్షించడానికి బుద్నీలో కేంద్ర సంస్థ ఉంది. మన గార్లదిన్నెలోనే దక్షిణ ప్రాంత సంస్థ ఉంది. పాత బండిని చూసి ఇది ఇంత విలువ చేస్తుందని కాగితం మీద రాసిచ్చే మనిషి ఒక్క మండలంలోనైనా ఉన్నాడా?

ఇవన్నీ మెకానిక్కును వెంటబెట్టుకెళ్లి చూసుకోవచ్చు. చూసుకోలేనిది ఆర్సీ.

ఊళ్లో బండి అమ్మకం ఎలా జరుగుతుందో మీకు తెలియనిది కాదు. మొదటి యజమాని బండిని వేరే పేరుకు మార్చే 29, 30 ఫారాల మీద, ఖాళీగానే, సంతకాలు పెట్టి బ్రోకరుకు ఇస్తాడు. బ్రోకరు ఇంకొకడికి, వాడు మరొకడికి. నాలుగో చేతికి వచ్చేసరికి డబ్బు ఇచ్చినవాడు ఒకడు, ఆర్సీలో పేరున్నవాడు ఇంకొకడు. అప్పటికి ఆ పేరున్నవాడి ఫోను నంబరు మారిపోయి ఉంటుంది, పేరు మార్పుకు కావలసిన ఓటీపీ ఎవరికి వెళ్తుందో ఆ దేవుడికే తెలియాలి. చనిపోయి ఉంటే 31వ ఫారం, వారసుల కాగితాలు. సీజ్ చేసిన బండి అయితే ముందు 36వ ఫారంతో ఫైనాన్సు కంపెనీ పేరున కొత్త ఆర్సీ తీసుకోవాలి. ఆ మెట్టు ఎక్కకుండానే వాళ్లు బండి అమ్మేసి చేతులు దులుపుకుంటారు. వేరే రాష్ట్రం బండికి 28వ ఫారం ఎన్‌ఓసీ. అన్నిటికన్నా కష్టం అప్పు తీరిందని ఫైనాన్సు కంపెనీ సంతకం పెట్టే 35వ ఫారం. అప్పు తీరి ఏళ్లు గడిచినా ఆర్సీ మీద ఫైనాన్సు పేరు అలాగే ఉంటుంది, ఆ బ్రాంచి మూతపడి ఉంటుంది.

ఇన్ని దాటి బండిని తనిఖీకి తెస్తే ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే ప్రింటు సరిగా రాదు. రంగు మీద రంగు పూసి, దమ్ము బురదకు తుప్పు పట్టి అంకెలు పోయి ఉంటాయి. ఎప్పుడో ఇంజను బ్లాకు మార్చి ఉంటే ఇంజను నంబరు ఆర్సీతో కలవదు. పదిహేనేళ్లు దాటిందా, రిజిస్ట్రేషన్ రెన్యువలు అదనం. ట్రాక్టరు వెనక లాగే ట్రక్కుకు విడిగా ఆర్సీ ఉండాలని చాలామందికి తనిఖీ నాడే తెలుస్తుంది.

చట్టం ఏమో రాష్ట్రంలోపలి అమ్మకాన్ని అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో తెలపాలంటుంది. పైన చెప్పిన కాగితాలన్నీ 30 రోజుల్లో తేగలిగిన రైతు ఎవరైనా ఉంటే చూపించండి, సన్మానం మేమే చేస్తాం.

నవ్వుకునే సంగతి కాదిది. రేపు ఆ బండి కింద ఎవరైనా పడితే ఆర్సీలో ఎవరి పేరుంటే అతనే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. అంటే ఎప్పుడో అమ్మేసి మరిచిపోయిన రైతుకు నోటీసు వస్తుంది. కొన్న రైతుకేమో తన పేరున ఇన్సూరెన్సు ఉండదు, బండి పేరు మీద అప్పు పుట్టదు, పొలం గట్టున బండి పోతే ఇది నాదని ఫిర్యాదు ఇవ్వడానికీ కాగితం ఉండదు. ఇద్దరూ రైతులే. మధ్యలో బ్రోకరు మాత్రం హాయిగా ఉంటాడు.

మేం కొత్త పథకం అడగడం లేదు, దయచేసి పేరు కూడా పెట్టవద్దు. తీరిన అప్పులకు 35వ ఫారం రైతు తిరగకుండా ఫైనాన్సు కంపెనీయే నేరుగా పంపేలా చేయండి. మండలానికి ఒక రోజు రైతు సేవా కేంద్రం దగ్గర మోటారు వాహన తనిఖీ అధికారి, ఒక మెకానిక్కు, ఫైనాన్సు ప్రతినిధి కూర్చునే పాత బండ్ల మేళా పెట్టండి. చేతులు మారిన గొలుసులో తప్పిపోయిన యజమాని దొరకకపోతే ఏం చేయాలో రాతపూర్వకంగా ఒక దారి చెప్పండి. పాత బండి అప్పు మీద వడ్డీ రాయితీ సంగతి కూడా చూడండి. అన్నీ కుదరకపోతే మొదటిదైనా చేయండి. అదీ కుదరకపోతే ఎందుకు కుదరదో చెప్పండి, విని ఊరుకుంటాం.

ఖరీఫ్ దమ్ములు మొదలైతే ఈ బండ్లన్నీ పొలాల్లోకి దిగుతాయి, ఆ తర్వాత ఆర్సీ కోసం తిరిగే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఆలోపే అడుగుతున్నాం. జవాబు మెసేజీలో కాకుండా జీవోలో ఇస్తే చదువుకుంటాం.

ఇట్లు,
పాత బండ్లతోనే సేద్యం చేస్తున్న రైతులు, వాటిని బాగుచేసే మెకానిక్కులు